ఇంటి వద్ద ఎయిర్ రైఫిల్ సాధన: లైసెన్సు, వేగం, మేడ మీద గురి, తోటలో కోతులు

హన్మకొండవాసి అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి గత వేసవిలో హైదరాబాద్‌లో జరిగిన ఒక షూటింగ్ శిక్షణ శిబిరానికి వెళ్లివచ్చింది. అప్పటి నుండి ఎయిర్ రైఫిల్ మీద ఆమెకు కలిగిన ఆసక్తి ఏమాత్రం తగ్గలేదు. ఇద్దరం కలిసి ఇంటి వద్దే సాధన చేసుకునేందుకు ఒక రైఫిల్ కొనాలని అనుకుంటున్నాను.

లైసెన్సు తప్పనిసరి అని కొందరు, అక్కరలేదని కొందరు చెబుతున్నారు. దుకాణంలో మాత్రం సెకనుకు వెయ్యి అడుగుల వేగం గల రైఫిలే అన్నిటికన్నా మేలైనదని గట్టిగా చెప్పారు. దాని ధర కూడా ఎక్కువే. మా మేడ పొడవు నలభై అడుగులు, పిట్టగోడ నడుము ఎత్తు ఉంటుంది. అక్కడ సాధన చేయవచ్చా? చివరిగా ఇంకొక సంగతి. మా బావమరిదికి మామిడితోట ఉంది. కోతుల బెడదతో ఏటా పంట నష్టపోతున్న అతను, ఎలాగూ కొంటున్నారు కాబట్టి ఆ రైఫిల్‌ను అప్పుడప్పుడు తోటకు తీసుకురమ్మని అడుగుతున్నాడు. అతని బాధ నిజమైనదే కనుక వెంటనే కాదనలేకపోయాను. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

పదిమీటర్ల గురి ఇచ్చిన సమాధానం:

ఆయుధ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, బారెల్ (గొట్టం) లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, బారెల్ దాటేటప్పుడు పెల్లెట్ (గాలి ఒత్తిడితో బయటికి వెళ్లే చిన్న సీసపు గుండు) శక్తి 20 జౌళ్లకు లోబడి ఉండే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. ఈ రెండు హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి. అందువల్ల 5.5 మిల్లీమీటర్ల రైఫిల్ ఎంత బలహీనమైనదైనా మీకు పనికిరాదు. గుర్తింపు, చిరునామా పత్రాలు తీసుకుని, బిల్లు ఇచ్చే దుకాణంలోనే మీ పేరు మీద కొనండి. రైఫిల్‌ను ఎక్కడికి తీసుకువెళ్లినా సంచిలో పెట్టి, బిల్లు వెంట ఉంచుకోండి, ఎందుకంటే దూరం నుండి చూసేవారికి అది అసలైన తుపాకీలాగే కనిపిస్తుంది.

ఇక దుకాణంలో చెప్పిన వేగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సెకనుకు వెయ్యి అడుగులంటే సుమారు 305 మీటర్లు. పోటీల్లో వాడే పెల్లెట్ బరువు దాదాపు 0.53 గ్రాములు ఉంటుంది. ఆ పెల్లెట్ నిజంగా అంత వేగంతో వెళితే దాని శక్తి 24 జౌళ్లు దాటుతుంది, అంటే మీరు లైసెన్సు లేకుండా ఉంచుకోకూడని రైఫిల్‌ను కొన్నట్టవుతుంది. సాధారణంగా ప్రకటనల్లో కనిపించే వేగాలు చాలా తేలికైన పెల్లెట్‌తో కొలిచినవి కావడం వల్ల, సరైన పెల్లెట్ వేసినప్పుడు ఆ వేగం రాదు. పైగా ధ్వని వేగానికి దగ్గరగా వెళ్లే పెల్లెట్ దారిలో నిలకడ కోల్పోతుంది. ఒలింపిక్ పోటీల్లో వాడే రైఫిళ్లు పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతోనే పంపుతాయి. దాని శక్తి 8 జౌళ్ల లోపే ఉంటుంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచినా, అది ఇంత మెత్తని రైఫిల్‌తోనే.

ఈ క్రీడలో కష్టమంతా గురిలోనే ఉంది. పది మీటర్ల దూరంలో ఉండే కార్డు మీద నల్లని వృత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, అందులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. 75 నిమిషాల్లో 60 పెల్లెట్లు కాల్చాలి. ప్రతి పెల్లెట్‌కూ దశాంశంతో గరిష్ఠంగా 10.9 పాయింట్లు వస్తాయి కనుక, మొత్తం 654 పాయింట్లకు పోటీ జరుగుతుంది. శ్వాస, నిలబడే తీరు, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి, పెల్లెట్ వెళ్లిన తరువాత కూడా ఒక క్షణం గురి వదలకుండా నిలిచి ఉండటం, ఇవన్నీ కలిస్తేనే ఆ చుక్క దొరుకుతుంది. మీ అమ్మాయికి నచ్చినది బహుశా ఇదే అయి ఉంటుంది, కాబట్టి ఆమెకు వేగంగా కొట్టే రైఫిల్ కంటే నిలకడగా కొట్టే రైఫిల్ ఇవ్వండి.

స్ప్రింగు మరమ్మతు ఇచ్చిన సమాధానం:

పై సమాధానంతో ఏకీభవిస్తూ, యంత్రభాగం గురించి నాలుగు మాటలు చెబుతాను. ముందే నింపిన గాలితో పనిచేసే పోటీ రైఫిళ్లు విదేశాల నుండి వచ్చినవైతే లక్షల్లో ఉంటాయి. ప్రెసిహోల్ వంటి మన దేశపు తయారీదారుల నుండి స్ప్రింగు రైఫిళ్లు వేలల్లోనే దొరుకుతాయి. ఆరంభానికి అవి చాలు.

స్ప్రింగు రైఫిల్‌లో బారెల్‌ను కిందికి వంచినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుని, ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి క్షణంలో కుదించుకుపోయి పెల్లెట్‌ను తోస్తుంది. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్‌కు అడ్డుగా నిలిచే గాలి మెత్త ఉండదు. అది నేరుగా లోపలి గోడను ఢీకొని సీలు (గాలి తప్పించుకోకుండా ఆపే భాగం) చెడిపోతుంది. పిస్టన్ కదిలే ఆ గాలి గదిలో నూనె ఎప్పుడూ వేయకండి, వేస్తే కుదింపు వేడికి అది మండి, శక్తి హద్దు దాటడమే కాక సీలు కూడా పాడవుతుంది. బారెల్ వంచి ఉన్నప్పుడు ట్రిగ్గర్‌ను ముట్టుకోకూడదన్నది మాత్రం పిల్లలకు మొదటి రోజే నేర్పాలి. ఆ స్థితిలో ట్రిగ్గర్ నొక్కితే బారెల్ ఒక్కసారిగా పైకి లేచి వేళ్లను నలిపేస్తుంది. పెల్లెట్ పెడుతున్నంతసేపు రెండో చేత్తో బారెల్‌ను గట్టిగా పట్టుకునే అలవాటు చేయించండి.

పట్టు విషయంలో ఒక తేడా ఉంది. స్ప్రింగు రైఫిల్ పెల్లెట్ బారెల్ దాటేలోపే వెనక్కి, ముందుకి రెండు వైపులా కదులుతుంది. దాన్ని గట్టిగా బిగించి పట్టుకుంటే ఆ కదలిక ప్రతిసారీ వేరుగా ఉండి, కార్డు మీద రంధ్రాల గుంపు చెదిరిపోతుంది. రైఫిల్ ముందుభాగాన్ని అరచేతి మీద ఆనించినట్టు ఉంచి, మడమను (రైఫిల్ వెనుక భాగాన్ని) భుజానికి మృదువుగా తాకించి, ప్రతిసారీ ఒకే చోట పట్టుకుంటే కార్డు మీద రంధ్రాలు దగ్గరకు చేరతాయి. పెల్లెట్లలో కూడా ముందుభాగం బల్లపరుపుగా ఉండేవే కార్డుకు మేలు, ఎందుకంటే అవి చక్కని గుండ్రటి రంధ్రం చేస్తాయి. ఉక్కు గుళ్లు మాత్రం వద్దు. గట్టి వస్తువుకు తగిలితే అవి తిరిగి ముఖం మీదికి వస్తాయి.

తోటమనిషి ఇచ్చిన సమాధానం:

నాకూ మామిడితోట ఉంది కనుక మీ బావమరిది గారి బాధ నాకు అర్థమవుతుంది. అయినప్పటికీ ఆ రైఫిల్‌ను తోటకు తీసుకువెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను. కోతిని అలా గాయపరచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. చిలకల వంటి పక్షులను కొడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ సాధారణంగా కోతిని వెంటనే చంపదు. కండలోనో కంటిలోనో దిగి, చీము పట్టి, రోజుల తరబడి బాధ పెడుతుంది. మంద ఒకరోజు పారిపోయి మళ్లీ తోటకే వస్తుంది. కొమ్మల్లోకి పైకి కాల్చిన పెల్లెట్ తప్పిపోతే వందల మీటర్ల దూరం పోతుంది. ఆ దారిలో కూలీలు, పక్క తోటవారు ఉంటారు.

కాపు కాలంలో కావలి మనిషిని పెట్టుకోవడం, చప్పుడు చేయడం, మంద నివాసం ఏర్పరచుకున్న చోటు గురించి అటవీ శాఖకు, పంచాయతీకి రాతపూర్వకంగా తెలపడం చేయవచ్చు. కోతులకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేసేందుకు 2020లో నిర్మల్ వద్ద పునరావాస కేంద్రం ప్రారంభమైంది. ఈ మార్గం నెమ్మదైనదే, కానీ మంద సంఖ్యను తగ్గించగలిగేది ఇదే. మీ అమ్మాయి చేతిలోని రైఫిల్ మొదటి రోజు నుండి కాగితాన్ని మాత్రమే ఎరిగి ఉండాలన్నది నా మనవి.

పదిమీటర్ల గురి:

మేడ గురించి చెప్పడం మరచాను. నడుము ఎత్తు పిట్టగోడ చాలదు, ఎందుకంటే పోటీ కార్డు నేల నుండి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తప్పిన పెల్లెట్ గోడ మీదుగా వీధిలోకి పోతుంది. మెట్ల గది గోడ వంటి పూర్తి ఎత్తు గల గోడ ఉంటే, కార్డును దాని ముందు అమర్చి, వెనుక ఇనుప పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లను పట్టి నిలిపే పెట్టె) పెట్టండి. పది మీటర్లంటే సుమారు 33 అడుగులు, కనుక మీ మేడ పొడవు సరిపోతుంది. షూటర్‌కూ కార్డుకూ మధ్య ఏ తలుపూ తెరుచుకోకూడదు. ఇద్దరూ కళ్లకు రక్షణగా కళ్లద్దాలు ధరించండి. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక సాధన ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏమీ తినవద్దు. ట్రాప్‌లో పోగైన సీసాన్ని పెరట్లో పారవేయకుండా డబ్బాలో దాచండి. రైఫిల్‌నూ పెల్లెట్లనూ వేర్వేరు చోట్ల తాళం వేసి ఉంచండి.

హన్మకొండవాసి:

అందరికీ కృతజ్ఞతలు. మెట్ల గది గోడ మేడ చివరనే ఉంది. అక్కడే ఏర్పాటు చేస్తాను. బావమరిదికి ఈ సమాధానాలు చదివి వినిపించాను; కావలి మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. ఒక చిన్న సందేహం మిగిలింది. మా అమ్మాయి కుడిచేత్తోనే రాస్తుంది, కానీ గురి చూసేటప్పుడు కుడికన్ను మూసి ఎడమ కంటితో చూస్తోంది. దీన్ని సరిదిద్దాలా?

పదిమీటర్ల గురి:

ముందు ఆమె బలమైన కన్ను ఏదో తెలుసుకోండి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి, ఆ సందులోంచి దూరంగా ఉన్న ఒక వస్తువును చూడమనండి. తరువాత ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉంచినప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అదే బలమైన కన్ను. అది ఎడమదే అయితే, అలవాటు ఇంకా స్థిరపడలేదు కాబట్టి ఎడమ భుజానికి రైఫిల్ ఆనించి నేర్పడం మేలు. రెండో కంటిని బిగించి మూస్తే గంటసేపు నిలిచే సాధనలో ముఖ కండరాలు అలసిపోయి, గురి చూసే కంటి మీద కూడా ఒత్తిడి పడుతుంది. దాన్ని తెరిచే ఉంచి, ముందు ఒక చిన్న తెల్లని అట్టముక్క అడ్డుగా పెట్టండి. పోటీల్లోనూ ఇందుకు అనుమతి ఉంది. కొన్ని రైఫిళ్ల మడమ మీద చెంప ఆనించే భాగం కుడివైపు వారికే అనువుగా మలచి ఉంటుంది, కనుక కొనే ముందు ఆమెను దుకాణానికి తీసుకువెళ్లి, రెండు భుజాలకూ ఆనించి చూడమనండి.