రేకుల షెడ్డులో డీజిల్, థిన్నర్ యాడ పెట్టాలె?

ప్రశ్న (నల్లగొండ, ఫర్నిచర్ పని):
అన్నలకు నమస్తే. మాది తలుపులు, మంచాలు చేసే షెడ్డు, పైన రేకులు. పాలిష్‌ను పలచన చేసే ఎన్‌సీ థిన్నర్ 20 లీటర్ల డబ్బాలు రెండు, జెనరేటర్‌కు డీజిల్ 200 లీటర్ల డ్రమ్ము, బండికి కొంచెం పెట్రోల్ నీళ్ల బాటిల్ల ఉంటయి. అన్నీ ఒకటే మూలకు, గ్రైండర్ పక్కనే. మొన్న పని నేర్చుకునే పిల్లగాడు చేతుల పాలిష్ గుడ్డ పట్టుకొనే బీడీ ముట్టించబోయిండు. అప్పటిసంది నాకు నిద్ర పడుతలేదు. డీజిల్ మీద అగ్గిపుల్ల వేసినా అంటుకోదంటరు, నిజమేనా?

జవాబు (మిర్యాలగూడ, రైస్ మిల్లు స్టోరు చూసినాయన):
తమ్మీ, ఆ మాట చలికాలానికే. అంటుకునేది నూనె కాదు, దాని మీద లేచే ఆవిరి. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి లేచే వేడిని ఫ్లాష్ పాయింట్ అంటరు. మన దేశపు ప్రమాణంల డీజిల్‌కు అది కనీసం 35 డిగ్రీలుండాలె, అంతే. మే నెలల మన నల్లగొండ 44, 45 చూస్తది, రేకుల కింద ఇంకా ఎక్కువ. డిసెంబర్‌ల నీకు భయం పెట్టని డ్రమ్మే ఆ మధ్యాహ్నం అంటుకోవడానికి సిద్ధంగ ఉండొచ్చు. పెట్రోల్, థిన్నర్‌లకైతే ఎండ కూడా అక్కర లేదు. పెట్రోల్ ఆవిరి సున్నా కింద 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకుంటది.

ఇంకొకటి. ఈ ఆవిరి గాలి కన్నా బరువు. పొగ లెక్క పైకి పోదు, నేల మీద నీళ్ల లెక్క పారుతది. పది అడుగుల దూరంల గ్రైండర్ రవ్వ పడ్డా మంట వెనక్కి డబ్బా దాకా వస్తది. అందుకే పైన కిటికీ ఒక్కటి చాలదు, గోడ అడుగున కూడా జాలీ పెట్టియ్యి. డ్రమ్మును షెడ్డు బయట, నీడ పట్టున, చుట్టూ ఇటుకల గట్టు కట్టి పెట్టు. డ్రమ్ము పగిలినా 220 లీటర్లు ఆగేటంత గట్టు ఉండాలె. డబ్బాలల్ల ఇరవైల ఒక వంతు ఖాళీ వదులు, ఎండకు నూనె ఉబ్బుతది.

జవాబు (మహబూబ్‌నగర్, వెల్డింగ్ షాపు):
చట్టం కూడా చూసుకో అన్నా. పెట్రోలియం చట్టం 1934 ప్రకారం పెట్రోల్ తరగతివి, అంటే ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపువి, అమ్మకానికి కాకుండ సొంత వాడకానికి 30 లీటర్ల దాకనే లైసెన్సు లేకుండ పెట్టుకోవచ్చు. నీ థిన్నరే 40 అయితున్నది. ఒక డబ్బా తగ్గించుకో. డీజిల్‌కు 2,500 లీటర్ల దాక ఇబ్బంది లేదు.

నీళ్ల బాటిల్ల పెట్రోల్ మాత్రం ఇయ్యాలనే తీసెయ్యి. దూపతోని ఎవరన్న తాగుతరు. గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాల పోసి పేరు రాయి. పోసేటప్పుడు డబ్బాను నేల మీదనే పెట్టాలె, బండి మీద పెట్టొద్దు. పొడి గాలిల రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు రవ్వ చాలు, అంటుకోవడానికి.

జవాబు (మిర్యాలగూడ):
గుడ్డల సంగతి మరిచిన. అవిసె నూనె పాలిష్ గుడ్డలు ముద్దగ పడేస్తే నిప్పు లేకుండనే వేడెక్కి అంటుకుంటయి. నీళ్లల్ల నానబెట్టి మూత ఉన్న ఇనుప డబ్బాల వెయ్యి, లేదంటే విడివిడిగ పరిచి ఆరబెట్టు. మంట లేస్తే నీళ్లు పోయొద్దు, నూనె తేలి పరుసుకుంటది. ఇసుక బకెట్లు, డీసీపీ (మంట ఆర్పే పొడి) సిలిండర్ తలుపు దగ్గర పెట్టు, డబ్బాల పక్కన కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇయ్యాలనే మొదలుపెట్టిన అన్నా. డ్రమ్ము బయటికి తెచ్చినం, పెట్రోల్ బాటిల్ తీసేసిన. పాత ఖాళీ డ్రమ్ము ఒకటుంది, కోసి నీళ్ల తొట్టి చేద్దామని...

జవాబు (మహబూబ్‌నగర్):
కొయ్యకు అన్నా! నిండు డ్రమ్ము కన్నా ఖాళీ డ్రమ్మే మా వెల్డింగోళ్లకు భయం. అడుగున గ్లాసెడు డీజిల్ మిగిలినా గ్యాస్ కట్టర్ వేడికి ఆవిరై లోపల నిండుతది, డ్రమ్ము బాంబు లెక్క పేలుతది. తుక్కు సామానోళ్లకు ఇచ్చెయ్యి, తొట్టి సిమెంటుది కొనుక్కో.