ఒక్క నల్లజాతి నర్సు పాత్రతో సరిపెట్టేయని సీరియళ్ళు చెప్పండి

రాత్రిడ్యూటీ:
హ్యూస్టన్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. మా షిఫ్టులో ముగ్గురు నల్లజాతి ఆడవాళ్ళున్నారు. ఒకావిడ నైజీరియా నుంచి వచ్చిన యోరుబా మనిషి. ఇంకొకావిడది లూసియానా, తాతముత్తాతల నుంచీ అక్కడే. మూడో అమ్మాయి పుట్టింది బ్రూక్లిన్‌లో, అమ్మానాన్నలది జమైకా. మొన్న బ్రేక్‌లో ఎవరి ఊరి అన్నం వంటకం గొప్పదని, జొలోఫ్ గొప్పా, జంబలాయా గొప్పా, రైస్ అండ్ పీస్ గొప్పా అని పోట్లాడుకుని నన్ను తీర్పు చెప్పమన్నారు. తప్పించుకున్నాను.

ఇంటికొచ్చి ఆస్పత్రి సీరియల్ పెడితే అందులో ఉన్నది ఒకే ఒక్క నల్లజాతి నర్సు. హీరోయిన్‌కి ధైర్యం చెప్పడమే ఆవిడ పని. ఏ ఊరో, ఇంట్లో ఏం మాట్లాడతారో మనకి తెలియదు. ఇలా కాకుండా, వాళ్ళలో వాళ్ళకున్న తేడాలు కనిపించేవి ఏమైనా ఉన్నాయా? (పోలీసులు, డ్రగ్స్ కథలు వద్దు. చాలా చూశాను.)

పాతటీవీ:
ఉన్నాయండీ. నల్లజాతి పాత్ర ఒక్కటే ఉంటే దాని నెత్తిన అందరి బరువూ పడుతుంది. పదిమంది ఉంటేనే ఒకరితో ఒకరు పోట్లాడుకోగలరు, మీ బ్రేక్ రూమ్‌లోలాగా.

'ఎ డిఫరెంట్ వరల్డ్' (1987–93) చూడండి. హిల్‌మన్ అనే కల్పిత నల్లజాతి కాలేజీ. మొదటి సీజన్ వదిలేయొచ్చు. రెండో సీజన్ నుంచి దర్శకురాలు డెబ్బీ ఆలెన్ చేతికొచ్చింది. ఆవిడ నిజంగానే నల్లజాతి యూనివర్సిటీ అయిన హోవర్డ్‌లో చదువుకుంది, ఆ తేడా తెలుస్తుంది. విట్లీ వర్జీనియాలో డబ్బున్న ఇంటి పిల్ల, డ్వేన్ బ్రూక్లిన్ కుర్రాడు, కిమ్ పోలీసు కూతురు. ఒక ఎపిసోడ్‌లో పాతకాలపు 'మామీ' బొమ్మలు (నల్లజాతి పనిమనిషిని వెక్కిరిస్తూ చేసినవి) చూసి కిమ్ కుమిలిపోతుంది. చిన్నప్పుడు రాకుమారి వేషం వేసుకెళ్తే అందరూ ఆ మామీ వేషమే అనుకున్నారట. అదే ఎపిసోడ్‌లో విట్లీకి తన పూర్వీకులు, నల్లజాతివాళ్ళే, బానిసల్ని ఉంచుకున్నారని తెలుస్తుంది. ఒకే హాస్టల్, ఇద్దరివీ ఎంత వేర్వేరు గాయాలో చూడండి.

లండన్ కథైనా పర్లేదంటే 'డెస్మండ్స్' (1989–94). పెకమ్‌లో ఒక మంగలి షాపు. యజమానిది కరీబియన్ పక్కనున్న గయానా, రోజూ వచ్చి కూర్చునే మాథ్యూది ఆఫ్రికాలోని గాంబియా. సగం కామెడీ వాళ్ళిద్దరి మధ్యే.

గమనించేవాడు:
తలలు లెక్కపెడితే సరిపోదు పాతటీవీ గారూ. 'గుడ్ టైమ్స్' (1974–79)లో కుటుంబం మొత్తం నల్లజాతివాళ్ళే కదా? అయినా పెద్దకొడుకు జె.జె.ని బఫూన్ చేసేశారు. తల్లి వేషం వేసిన ఎస్తర్ రోల్ బహిరంగంగానే తప్పుపట్టింది. తండ్రి పాత్రధారి జాన్ ఏమస్ గొడవపడ్డాడు, మూడో సీజన్ తర్వాత తీసేశారు. రాసేవాళ్ళెవరో కూడా చూడాలి.

పాతటీవీ:
ఒప్పుకుంటాను. అందుకే 'బాబ్ హార్ట్స్ అబిషోలా' (2019–24) కూడా చెప్తున్నా. డెట్రాయిట్‌లో నైజీరియా నర్సు కథ. సృష్టికర్తల్లో ఒకరైన జీనా యాషెరే నైజీరియా దంపతుల కూతురు. ఇంట్లో యోరుబా మాటలు అలవోకగా వస్తుంటాయి.

రాత్రిడ్యూటీ:
నిన్న బ్రేక్‌లో ఫోన్‌లో డెస్మండ్స్ పెట్టాను. మాథ్యూ "ఆఫ్రికాలో ఒక పాత సామెత ఉంది" అని మొదలుపెట్టగానే నైజీరియా ఆవిడ "అచ్చం మా అన్నయ్యే" అంది. జమైకా వాళ్ళమ్మాయి నవ్వి నవ్వి టీ ఒలకబోసింది. లూసియానా ఆవిడ మాత్రం చేతులు కట్టుకుని "మరి మాదేది?" అంటోంది.

గమనించేవాడు:
'క్వీన్ షుగర్' (2016–22). తండ్రి పోయాక లూసియానాలో చెరకు తోట పిల్లలకి వస్తుంది. ఈసారి ఫోన్ ఆవిడ చేతికివ్వండి.