పొలంబడి వల్ల కలిగిన మేలును ఎలా లెక్కగట్టాలి?

తిరుపతి విద్యార్థిని: చేలోనే రైతులకు నేర్పే శిక్షణ అయిన పొలంబడికి వచ్చిన వేరుశనగ రైతులకు మేలు జరిగిందో లేదో తేల్చడానికి హాజరు పట్టీ చాలడం లేదు. దిగుబడి, ఖర్చు, మహిళల భాగస్వామ్యం, ఈ మూడింటినీ ఎలా నమోదు చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాకాల రైతు: నిరుడు మా చేలో బ్యానరు పట్టించి, ఫొటో తీసి, సంతకాలు పెట్టించుకున్నారు. జిప్సం ఎప్పుడు వేయాలని మా ఆవిడ అడిగితే, ఫొటో ఇంకా యాప్‌లోకి ఎక్కలేదన్నారు. లెక్కలో మాత్రం మేము శిక్షణ పొందినవాళ్లం.

విశ్రాంత విస్తరణాధికారి: పొలంబడి 1989లో ఇండోనేసియా వరి పొలాల్లో పుట్టిన పద్ధతి, రైతు తానే చేలో దిగి శత్రు, మిత్ర పురుగులను లెక్కించి మందు అవసరమో కాదో నిర్ణయించుకోవాలి. చూడవలసింది ఆ నేర్పును. దిగుబడికి, చేలో ఒక చదరం కొలిచి అందులోని పంటను కోసి తూచే పంట కోత ప్రయోగం ఉండనే ఉంది. నేను పెట్టిన వాటిలో ఒక్కటీ తప్పిపోలేదు.

చంద్రగిరి: అయిదు మీటర్ల చదరంలో ఒక కిలో తేడా వస్తే ఎకరాకు సుమారు 162 కిలోల తేడా అవుతుంది. తప్పిపోలేదని ఎవరు తేల్చారండీ?

పాకాల రైతు: మా చేలో ఆ చదరం కొలిచే తాడు సరిగ్గా బోరు నీళ్లు పారిన మూలనే పడింది.

విశ్రాంత విస్తరణాధికారి: చోటును యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుతారు. ఎవరో ఒకరు చేసినదానికి శాఖనంతా దొంగలను చేయకండి.

చంద్రగిరి: దొంగలని ఎవరన్నారు? వర్షాధారపు చేలో నిరుటితో పోలిస్తే కొలిచేది వాననే. అదే ఊళ్లో, అదే నేలలో, పొలంబడికి రాని రైతులతో పోల్చాలి. అందులోనూ బోరున్నవాళ్లే తీరిగ్గా వస్తారు కాబట్టి ఆ సంగతీ రాసుకోవాలి.

చిత్తూరు మామిడి: దిగుబడి పెరిగి ఏం లాభం? 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు. గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలన్నారు. మా కాయలు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరులోనే మాగాయి.

గ్రామ వ్యవసాయ సహాయకురాలు: ఏ చేలో ఏ పంట ఉందో ఆన్‌లైన్‌లో ఎక్కించే ఈ-పంట నమోదు, ఎరువుల పంపిణీ, మంగళ, బుధవారాల్లో పొలాలకు వెళ్లే ‘పొలం పిలుస్తోంది’ కార్యక్రమం, అన్నీ మా పనులే. పాసుపుస్తకం భర్త పేరున ఉంటే, వచ్చింది భార్య అయినా పట్టీలో ఆయన పేరే రాసేవాళ్లం. ఈ ఏడు నేను ‘వచ్చినవారు’ అని పక్కన ఇంకొక గడి గీసుకున్నాను.

తిరుపతి విద్యార్థిని: ఆ గడి గీసిన పట్టీ ఒక్కసారి చూపగలరా?

పాకాల రైతు: ఇంతకీ జిప్సం?

విశ్రాంత విస్తరణాధికారి: ఎకరాకు 200 కిలోలు, పూత దశలో మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. మీ ఆవిడకే చెప్పండి.