పాత భవనాన్ని పాడుబెట్టి పడగొట్టడం: జరిమానాలతో ఆగే పనేనా?

సున్నంగోడ:
చాలా దేశాల్లో ఒకటే కథ నడుస్తోంది కాబట్టి ఈ ప్రశ్న పెడుతున్నా. వారసత్వ జాబితాలో ఉన్న పాత భవనాన్ని ఒక డెవలపర్ కొంటాడు. కూల్చడానికి పర్మిషన్ రాదని కొనేటప్పుడే తెలుసు. అయినా కొంటాడు, ఎందుకంటే తను కూల్చక్కర్లేదు, ఊరికే వదిలేస్తే చాలు. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయిస్తాడు, కరెంటు తీయిస్తాడు, పైకప్పు కారుతున్నా పట్టించుకోడు. కొన్నేళ్లు పోయాక "ఇది ప్రమాదకరం" అని ఇంజినీరు రిపోర్టు పట్టుకొస్తాడు. అప్పటిదాకా కూల్చొద్దన్న మున్సిపాలిటీయే, కింద నడిచేవాళ్ల ప్రాణాలు ముఖ్యం కదా అని కూల్చమంటుంది. కెనడాలోని టొరంటోలో వాల్నట్ హాల్ అని 1856 నాటి వరుస ఇళ్లు ఉండేవి. ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండి, ఇక నిలబడవని తేల్చి 2007లో పడగొట్టేశారు. అక్కడ ఎవరి ఉద్దేశం ఏమిటన్నది వదిలేయండి, పాడుబెట్టాలనుకునేవాడికి మాత్రం అది మంచి పాఠం.

నా వాదన ఒక్కటే. జరిమానా పెంచితే ఇది ఆగదు. టొరంటో ఉన్న ఆంటారియో రాష్ట్ర చట్టంలో అనుమతి లేకుండా కూల్చితే పది లక్షల డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు, వినడానికి భయంగానే ఉంటుంది, కానీ ఆ భయం బుల్డోజర్ తెచ్చినవాడికే. చేతులు కట్టుకుని కూర్చున్నవాడు ఏ రోజు తప్పు చేశాడని పట్టుకుంటారు? వాడికి కాలమే పని చేసి పెడుతోంది. కాబట్టి మున్సిపాలిటీ ముందుగానే లోపలికి వెళ్లి పైకప్పు వేయించి ఆ బిల్లు ఆస్తి పన్నులో కలిపేయాలి. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

లెక్కలపిచ్చి:
నేను ఒప్పుకోను. ఓనర్లందరూ దొంగలే అన్నట్టు రాశారు. జాబితాలో పెట్టడం వల్ల సంతోషం ఊరందరిదీ, ఖర్చు మాత్రం ఒక్కడిది. పాత ఇంటికి సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకాలి, అదే కొలత కలప దొరకాలి, కిటికీ మార్చాలన్నా కమిటీ దగ్గరికి వెళ్లాలి, ఆ కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. ఈలోగా వాన ఆగుతుందా? ముంబై సంగతి తీసుకోండి. 1947 అద్దె చట్టం వల్ల అద్దెలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి, వచ్చే అద్దెతో మెట్లకు రంగు కూడా వేయలేని ఓనర్లు ఉన్నారు. వాట్సన్స్ హోటల్, అంటే ఇప్పటి ఎస్ప్లనేడ్ మాన్షన్, 1896లో లూమియేర్ వాళ్ల సినిమాలు వేసిన చోటు, ఇనుప చట్రంతో కట్టిన అంత అరుదైన బిల్డింగ్, అదీ శిథిలమైంది. అక్కడ టవర్ కట్టాలని ఎవరో పన్నిన పన్నాగం కాదు కదా అది, లెక్క కుదరకపోవడమే. ఓనర్‌కి డబ్బు ఇవ్వకుండా నోటీసు మాత్రం ఇస్తే ఏమవుతుందో అక్కడ కనిపిస్తోంది.

సున్నంగోడ:
లెక్కలపిచ్చి గారూ, ముంబై ఓనర్ వేరు, నేను చెప్పే డెవలపర్ వేరు. ఆ ఓనర్‌కి తాతల నుంచి వచ్చిన ఆస్తి, అద్దెలు పెరగకుండా ప్రభుత్వమే ఆపేసింది, వాళ్లకు గ్రాంటు ఇవ్వాల్సిందే, పన్ను తగ్గించాల్సిందే, నాకు పేచీ లేదు. డెవలపర్ మాత్రం జాబితాలో ఉందని తెలిసే కొన్నాడు, అందుకే రేటు కూడా తగ్గించుకున్నాడు. ఆ తగ్గింపు జేబులో వేసుకుని, తర్వాత "నాకు నష్టం" అంటే ఎలా?

వీధిచివర:
ఇంత చర్చ ఎందుకండీ. కూల్చినవాడి చేతే మళ్లీ కట్టించాలి. లండన్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అనే పాత పబ్‌ని 2015లో, జాబితాలో చేర్చబోతున్నారనగా, చెప్పాపెట్టకుండా పడగొట్టారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ వదల్లేదు, ఇటుక ఇటుకా పాత పద్ధతిలోనే కట్టమంది. 2021లో మళ్లీ తెరిచారు. ఇంగ్లండ్‌లోనే క్రూకెడ్ హౌస్ అనే ఇంకో పాత పబ్ 2023 ఆగస్టులో తగలబడితే రెండు రోజుల్లో నేలమట్టం చేసేశారు, దానికీ 2024లో తిరిగి కట్టమని ఆర్డరిచ్చారు. ఇలా నాలుగు చేస్తే మిగతావాళ్లకు బుద్ధొస్తుంది.

పైకప్పు:
వీధిచివర గారూ, మీరు చెప్పిన రెండూ రాత్రికి రాత్రి కూల్చినవి. తేదీ ఉంది, యంత్రం ఉంది, చేసినవాడు ఉన్నాడు. పైగా కార్ల్‌టన్ టావెర్న్ కూల్చక ముందే వివరంగా కొలతలు, ఫోటోలు తీసి పెట్టారు కాబట్టి తిరిగి కట్టగలిగారు. వాన కారి కారి పడిపోయిన దాంట్లో ఏ రోజున నేరం జరిగిందని రాస్తారు?

నా పని పాత కట్టడాల తనిఖీ, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మొదట పోయేది గోడ కాదు, వాననీటి గొట్టం. ఆకులు పడి పూడుకుపోతుంది. దాన్ని తీయడానికి ఒక మనిషికి ఒక పూట పని. తీయకపోతే నీళ్లు గోడ మీదుగా దిగుతాయి, ఇటుకల మధ్య అతుకుల్లోని సున్నం కరిగి ఖాళీలు వస్తాయి, గోడలోకి దూర్చిన దూలాల చివరలు పుచ్చుతాయి. దూలం నడుమ గట్టిగానే ఉంటుంది, కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు, కానీ గోడలో ఉన్న చివర పిండిపిండి అయిపోయి ఉంటుంది. చలి దేశాల్లో ఇంకో బాధ, ఇటుకలోకి చేరిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి ఇటుక పైపొరను పెచ్చులూడదీస్తుంది. హీటింగ్ ఆపేస్తే పైపులు పగులుతాయి. ఈలోగా ఎవరో ఒకరు కిటికీ పగలగొట్టి లోపలికి వెళ్లి రాగి తీగలు పీక్కుపోతారు, పావురాలు చేరతాయి, చలికి ఎవరో మంట వేస్తారు. ఆంటారియోలోనే సెయింట్ థామస్‌లో ఆల్మా కాలేజీ ఉండేది, ఎన్నో ఏళ్లు ఖాళీగా పడి ఉండి 2008 మే నెలలో ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. ఖాళీ బిల్డింగ్‌కి ఇన్సూరెన్స్ దొరకడమే కష్టం, ఎందుకో ఊహించండి.

రిపోర్టుల గురించి కూడా ఒక మాట. "ప్రమాదకరం" అని రాయడం చాలాసార్లు అబద్ధం కాదు, చూసిన రోజున అది నిజమే. కాకపోతే అడగాల్సిన ప్రశ్న వేరు: దూలాలకు ఆసరా పెట్టి, పైన తాత్కాలిక రేకులు వేస్తే నిలబడుతుందా లేదా? ఆ ప్రశ్నకు జవాబు ఓనర్ డబ్బిచ్చిన ఇంజినీరు దగ్గర అడగకూడదు, మున్సిపాలిటీ వేరే ఇంజినీరుని పెట్టి ఓనర్ చేత బిల్లు కట్టించాలి. మా లైన్‌లో ఎవరు ఏ రిపోర్టు రాస్తారో బిల్డర్లకు బాగా తెలుసు, ఇంతకంటే రాయను.

నోటీసుబోర్డు:
నేను ఇలాంటి నోటీసులు రాసే వైపు పని చేసినవాణ్ని. చట్టం లేక కాదండీ ఇదంతా, చట్టం తలుపు తట్టే టైమే తప్పు. ఎక్కువ ఊళ్లలో ఆస్తి నిర్వహణ నిబంధనల ఇన్‌స్పెక్టర్ కంప్లైంటు వస్తేనే కదులుతాడు. ఆయన చేతిలో గడ్డి పెరిగిన ఖాళీ స్థలాలు, చెత్త, హీటింగ్ లేని అద్దె ఇళ్లు, అన్నీ ఉంటాయి. వాటి మధ్య ఎవరూ ఉండని పాత బంగళా కోసం ఫోన్ చేసేదెవరు?

ఆంటారియో పేరు వచ్చింది కాబట్టి అక్కడి సంగతే చెప్తాను, చాలామందికి తెలియని తిరకాసు ఉంది. మామూలు ఆస్తి నిర్వహణ నిబంధన ప్రకారం ఆర్డరిస్తే ఓనర్ ముందు రెండు దారులుంటాయి: రిపేరు చేయి, లేదా కట్టడం తీసేసి స్థలం చదును చేయి. అంటే "పాడైపోయింది, బాగుచెయ్" అని మనం ఇచ్చిన కాగితమే కూల్చడానికి సాకు అవుతుంది! అందుకే అక్కడి వారసత్వ చట్టంలో వేరే అధికారం పెట్టారు, గుర్తింపు పొందిన భవనాల కోసం మున్సిపాలిటీ ప్రత్యేక నిబంధన చేసుకుని, కూల్చే దారి తీసేసి, రిపేరే చేయాలని చెప్పొచ్చు. కానీ ఆ నిబంధన ప్రతి మున్సిపాలిటీ విడిగా చేసుకోవాలి. చేసుకోని ఊళ్లో పాత తిరకాసే నడుస్తుంది. ఇక ఆర్డరు వచ్చాక ఓనర్‌కి అప్పీలుకి 14 రోజులు, అప్పీలు కమిటీలో ఓడితే కోర్టు. వినకపోతే మున్సిపాలిటీయే పని చేయించి ఆ ఖర్చు పన్ను బాకీలో కలపొచ్చు. సున్నంగోడ గారు అడిగింది చట్టంలో ఉన్నదే. వాడరు, అంతే. ముందు డబ్బు పెట్టాల్సింది మున్సిపాలిటీ కదా, బడ్జెట్ మీటింగులో ఎవడి బంగళాకో మనం పైకప్పు వేయించాలా అని ఒక కౌన్సిలర్ లేస్తే ఫైలు మళ్లీ బీరువాలోకి.

లెక్కలపిచ్చి:
ఆ కౌన్సిలర్ అడిగింది తప్పేముంది? ఇంకోటి, ఓనర్ దివాలా తీస్తే ఆ బాకీ ఎలా వసూలు చేస్తారు?

నోటీసుబోర్డు:
ఓనర్ పోయినా స్థలం పోదు కదండీ. బాకీ స్థలం మీద ఉంటుంది, బ్యాంకు అప్పు కంటే ముందు వరసలో. అసలు అప్పిచ్చిన బ్యాంకుకి ఆర్డరు కాపీ ఒకటి పంపిస్తే ఓనర్ కంటే ముందు బ్యాంకువాళ్లే ఫోన్ చేస్తారు.

సున్నంగోడ:
ఇంగ్లండ్‌లో ఇంకో రకం ఉంది. అక్కడ జాబితాలో ఉన్న భవనాన్ని బాగా చూసుకోవాలన్న బాధ్యత నేరుగా ఓనర్ మీద లేదు, విచిత్రమే. కానీ 1990 నాటి చట్టంలో కౌన్సిల్‌కి రెండు పనిముట్లున్నాయి. ఒకటి అత్యవసర పనుల నోటీసు, వారం గడువిచ్చి తామే వెళ్లి రేకులు కప్పి, ఆసరాలు పెట్టి ఖర్చు వసూలు చేసుకోవచ్చు. రెండోది రిపేరు నోటీసు, రెండు నెలల్లో ఓనర్ పద్ధతిగా కదలకపోతే భవనాన్ని బలవంతంగా కొనేసే ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. దీంట్లో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, కూల్చడానికి సాకు కోసం కావాలనే పాడుబెట్టాడని తేలితే పరిహారం కనిష్ఠ స్థాయికి దించేయొచ్చు, ఆ స్థలంలో ఏదో పెద్దది కట్టొచ్చన్న ఆశకు ఒక్క పైసా లెక్కగట్టరు. డెవలపర్ కూర్చున్నది ఆ ఆశ మీదే కదా. అది తీసేస్తే ఇక కూర్చోవడం దేనికి? నాకు జరిమానా కంటే ఇదే పదునుగా కనిపిస్తోంది.

లెక్కలపిచ్చి:
కావాలనే అని రుజువు చేయడం మాటలా? వాడు "డబ్బుల్లేవు, లోను రాలేదు" అంటాడు. పుస్తకంలో ఉన్న కత్తి ఎంతమంది మీద దూసారో చూడండి ముందు.

పైకప్పు:
ఉద్దేశం జోలికి వెళ్లకుండా కూడా పని అవుతుంది. న్యూ ఆర్లియన్స్‌లో ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేటలోని ఓనర్లు భవనాల బాగోగులు చూసుకోవాల్సిందే అన్న నిబంధనను 1975లోనే అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు సమర్థించింది. న్యూయార్క్‌లో 1845 నాటి స్కిడ్‌మోర్ హౌస్ కేసులో నగరమే కోర్టుకెళ్లి ఓనర్ చేత రిపేర్లు చేయించేలా ఆర్డరు తెచ్చుకుంది. నీ మనసులో ఏముందో మాకొద్దు, పైకప్పు కారుతోందా లేదా అంతే. ఎవరైనా నిచ్చెన వేసుకుని చూసి చెప్పగలిగే ప్రశ్న అది.

వీధిచివర:
మరి కట్టుబడి బాగుచేసిన మంచి ఓనర్‌కి ఏం మిగిలింది? పక్కవాడు పాడుబెట్టి ఇరవై అంతస్తులు లేపుకుంటే ఇతను రెండంతస్తులతో కూర్చోవాలా.

లెక్కలపిచ్చి:
ఇదిగో, నేను మొదటి నుంచి అంటున్నది ఇదే. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కేసులో, 1978లో, అమెరికా సుప్రీం కోర్టు, స్టేషన్ మీద టవర్ కట్టనివ్వని నగరం వైపు తీర్పు ఇచ్చింది నిజమే, కానీ స్టేషన్ మీద కట్టలేకపోయిన అంతస్తుల హక్కును పక్క స్థలాలకు బదిలీ చేసుకునే వీలుందన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకుంది. ముంబైలోనూ ఇలాంటి బదిలీ హక్కులున్నాయి. నా షరతు: ఆ హక్కు రిపేరు పూర్తయ్యాకే చేతికివ్వండి, ముందిస్తే అమ్ముకుని మళ్లీ తాళం వేస్తాడు. ఈ షరతుతో అయితే సున్నంగోడ గారి నోటీసులకు నాకు అభ్యంతరం లేదు. పిడికెడు గ్రాంటు కూడా ఇవ్వకుండా నోటీసు మాత్రమే ఇస్తామంటే మాత్రం నేను ఓనర్ పక్షమే.

నోటీసుబోర్డు:
ఒక మధ్య దారి నడుస్తోంది. డెవలపర్ పాత భవనాన్ని కలుపుకుని పెద్ద ప్రాజెక్టుకి పర్మిషన్ అడిగితే, పరిరక్షణ పనులకయ్యే మొత్తానికి ముందే బ్యాంకు హామీ తీసుకోవడం. టొరంటోలో ఇది మామూలే. పని చేయకపోతే ఆ హామీ సొమ్ము తీసి నగరమే చేయిస్తుంది, కౌన్సిలర్ లేచి అడగడానికి ఏమీ ఉండదు.

సున్నంగోడ:
పర్మిషన్ అడిగినవాడికి సరే. అసలు ఏ అప్లికేషనూ పెట్టకుండా పదేళ్లు తాళం వేసి కూర్చునేవాడి సంగతి?

నోటీసుబోర్డు:
వాడికి ఖాళీ భవనాల రిజిస్టరే. ఖాళీ అయిన నెలలోనే పేరు నమోదు, ఏడాదికి రెండుసార్లు లోపలి తనిఖీ, వానాకాలానికి ముందొకటి, తర్వాతొకటి, తనిఖీ ఫీజు ఓనర్‌దే. మొదటి తనిఖీలోనే ఫోటోలు, కొలతలు తీసి పెట్టుకోవాలి, పైకప్పు గారు కార్ల్‌టన్ టావెర్న్ విషయంలో చెప్పినట్టు. రెండో తనిఖీలో తేడా కనిపిస్తే ఆ రెండు ఫోటోలే సాక్ష్యం. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేని ఊళ్లు చాలా ఉన్నాయి, ఉన్న నిబంధనలో ఒక సవరణ చాలు.

లెక్కలపిచ్చి:
ఫీజు తక్కువ పెట్టండి. లేకపోతే పెన్షన్ మీద బతికే ముసలావిడ ఇల్లు కూడా మీ రిజిస్టర్లోకి ఎక్కుతుంది.

నోటీసుబోర్డు:
ఆవిడ ఆ ఇంట్లో ఉంటోంది కదండీ, అది ఖాళీ ఇల్లు ఎలా అవుతుంది.