అప్‌డేట్: నవల ఈసారి ఆగలేదు

మార్చిలో అడిగింది నేనే. మొదటి నవల మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ ఇరవై పేజీల దగ్గర వదిలేశాను, వెంటపడి రాయించే దారేదైనా చెప్పండి అని. మీలో ఒకరు నానోరైమో (నెలలో నవల రాసే సవాలు) లెక్క చెప్పారు: 30 రోజుల్లో 50,000 పదాలు, అంటే రోజుకు 1,667. నాలుగో రోజుకే చేతులెత్తేశాను. మన ‘ఇంట్లోంచి’ ఒక్క పదం, ఇంగ్లీషులో అదే మూడవుతుంది. ఆ లెక్క మనకు అతకదు. ఇప్పుడు రోజుకు లాంగ్ నోట్‌బుక్‌లో ఒక్క పేజీ, అంతే.

ఫ్రెండ్‌తో వంద రూపాయల ఫైన్ పెట్టుకుని చూశాను. రెండు వారాలు హాయిగా డబ్బు కట్టేసి పడుకున్నాను!

పనిచేసింది మా పిన్ని. రాత్రి పదికల్లా పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపాలి. లేదంటే పదీ ఐదుకి ఫోన్. “ఏరా, పడుకున్నావా?” అంటుంది, తిట్టదు. ఆ మాటకే లేచి కూర్చుంటాను.

కథ 1986 ఆగస్టు గోదావరి వరదది. భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరిన వరద. నేనప్పటికి పుట్టలేదు, గోదావరి మధ్య లంకలో ఉన్న పిన్నికి తొమ్మిదేళ్లు. మొన్న ఒక పేజీ చూసి, “బియ్యం బస్తా అటకెక్కించారని రాశావు. మేం ముందు ఎక్కించింది మేకపిల్లనిరా” అంది. పేజీ మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను.

ఇప్పటికి 143 పేజీలు. తొమ్మిది రోజులు ఖాళీ, అందులో ఆరు చెల్లి పెళ్లి ఖాతాలో. కథలో నీళ్లింకా గుమ్మం దాటలేదు.