రోడ్డు మీద సరుకు ఒలికితే తప్పంతా డ్రైవర్‌దేనా?

దారినపోయేవాడు: నిన్న హైవే మీద నా ముందున్న లారీ వెనక తలుపు తెరుచుకుని పెయింట్ డబ్బా కిందపడింది. మూత ఊడి నా కారు అద్దమంతా తెల్లబడింది. కంగారులో వైపర్ వేశాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. లారీ డ్రైవర్ దిగొచ్చి దండం పెట్టాడు కానీ నా మటుకు తప్పు అతనిదే. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే బాధ్యత వాళ్లదే. కాదంటారా?

రాత్రిబండి: వైపర్ వేశారా! అయ్యో.
నేను లారీ డ్రైవర్‌నే. లోడింగ్ దగ్గర చాలాసార్లు మమ్మల్ని లోపలికే రానివ్వరు. సీలు వేసి కాగితాలు చేతిలో పెడతారు. లోపల ఎలా పేర్చారో మాకేం తెలుస్తుంది? ట్యాంకర్ సగమే నింపారనుకోండి, మరీ టెన్షన్. బ్రేక్ వేశాక బండి ఆగినా లోపలి సరుకు ఆగదు, అలలా వచ్చి ముందుకు నెడుతుంది. పెట్రోల్ ట్యాంకర్లలో దీన్ని తగ్గించడానికి అడ్డుపలకలుంటాయి. పాల ట్యాంకర్లలో చాలావాటికి ఉండవు, ఉంటే లోపల శుభ్రంగా కడగడం కష్టం.

దారినపోయేవాడు: మరి 2017 జులైలో అమెరికాలోని ఒరెగాన్‌లో జరిగిందో? రోడ్డు పని కోసం బండ్లు ఆగి ఉంటే లారీ టైముకి ఆగలేకపోయింది. సుమారు 3,400 కిలోల హాగ్‌ఫిష్‌లు 101 హైవే మీద, కార్ల మీద పడ్డాయి. పాముల్లా ఉండే ఆ చేపలు బెదిరితే జిగురు వదులుతాయి, అది నీళ్లలో ఉబ్బుతుంది. రోడ్డు గీకడానికి బుల్డోజర్ తెచ్చారు. ఇది కూడా పేర్చినవాళ్ల తప్పేనా?

రాత్రిబండి: బండి ఆగకపోవడం డ్రైవర్ లెక్క, ఒప్పుకుంటా. పెట్టెలు లారీని వదిలి ఎగిరిపోవడం మాత్రం కట్టు లెక్క.

లెక్కలమాస్టారు: ఓపెన్ లారీకి కట్టు వేసేది చాలాసార్లు డ్రైవరే కదండీ.
అమెరికా నిబంధన ప్రకారం సరుకు బరువులో 80 శాతం బలం ముందుకు తోసినా, 50 శాతం పక్కకు తోసినా కట్టు తట్టుకోవాలి. బయల్దేరిన 50 మైళ్లలోపు డ్రైవర్ లోడు మళ్లీ చూసుకోవాలి. సీలు వేసి తెరవొద్దని చెప్పిన బండికి మాత్రం మినహాయింపు ఉంది. అంటే మీరిద్దరూ సగం సగం కరెక్టే. 2017 జనవరిలో విస్కాన్సిన్‌లో రోడ్డంతా ఎర్రటి స్కిటిల్స్ మిఠాయిలు పరుచుకున్నాయి. పశువుల దాణాకు పోతున్న సరుకు అది. అట్టపెట్టె వానకి నానిపోయింది, అంతే. అక్కడ స్పీడు గొడవే లేదు.

చీపురుకట్ట: మీ వాదన తేలేలోపు రోడ్డు ఊడ్చేది మాలాంటివాళ్లే. 2018 మేలో పోలండ్‌లో ట్యాంకర్ బోల్తా పడి 12 టన్నుల కరిగిన చాక్లెట్ హైవేని ముంచింది. నవ్వుకునే ఫొటోలే అందరూ చూశారు. అది చల్లారితే గట్టిపడుతుంది, వేడినీళ్లు కొట్టి వదిలించాలి. ఆ ఖర్చు ఎవరిమీద వేస్తారో ముందు తేల్చండి. నేనైతే సరుకు పంపినవాడి మీదే వేస్తా, డ్రైవర్ జేబులో ఏముంటుంది?

దారినపోయేవాడు: నా డ్యాష్‌క్యామ్ వీడియో ఆపి ఆపి చూశాను. ఆ లారీ తలుపుకు సీలు లేదు. గొళ్లెం కూడా లేదు, ఇనుప తీగ చుట్టి ఉంది.

రాత్రిబండి: తీగ చుట్టుకుని బయల్దేరాడా? అయితే అతన్ని నేను వెనకేసుకురాను.