అప్‌డేట్: 9 ఎంఎం రీలోడింగ్‌కి ఏ ప్రెస్ తీసుకున్నానంటే

టెక్సాస్‌లో వారాంతపు పిస్టల్ మ్యాచ్‌ల కోసం 9 ఎంఎం రౌండ్లు ఇంట్లోనే రీలోడ్ చేసుకోవాలి (అంటే పేలిన ఖాళీ కేసుల్లో కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టుకోవడం), తక్కువ బడ్జెట్‌లో ఏ ప్రోగ్రెసివ్ ప్రెస్ (లివర్ లాగిన ప్రతిసారీ అన్ని స్టేషన్లలోనూ ఒకేసారి పని జరిగే మెషీన్) మంచిదని అడిగాను కదా. లీ సిక్స్ ప్యాక్ ప్రో తీసుకున్నాను.

డిల్లన్ 550 కొనమని చాలామంది గట్టిగా చెప్పారు. మంచి మెషీనే. కానీ అందులో కేసులు నిలబడే పళ్లేన్ని (షెల్‌ప్లేట్) చేత్తో తిప్పాలి. ధ్యాస తప్పితే ఒకే కేస్‌లో రెండుసార్లు పౌడర్ పడే ప్రమాదం ఉంది. డిల్లన్ వాళ్లదే స్క్వేర్ డీల్ బి అనే ప్రెస్‌లో అది దానంతటదే తిరుగుతుంది గానీ, దాని డైలు (కేస్‌ని సైజు చేసే, బుల్లెట్ కూర్చోబెట్టే అచ్చులు) వేరే ప్రెస్‌కి పనికిరావు. లీలో ఆరు స్టేషన్లు. పౌడర్ పడ్డాక, బుల్లెట్ కూర్చోబెట్టే ముందు, పౌడర్ మట్టం సరిచూసే పౌడర్ చెక్ డైకి చోటు మిగిలింది. ధర కంటే నన్ను ఒప్పించింది అదే.

అయినా ప్రతి కేస్‌లోకీ తొంగి చూస్తాను. ప్రెస్ మీద చిన్న ఎల్‌ఈడీ బిగించాక లోపల పౌడర్ మట్టం బాగా కనబడుతోంది. రౌండ్ మొత్తం పొడవు 1.169 అంగుళాలు దాటకూడదు. పైగా విప్పిన బ్యారెల్‌లో వేస్తే రౌండ్ టక్‌మని దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి. నా బుల్లెట్ ఆకారానికి ఇంకాస్త లోపలికి దించాల్సి వచ్చింది.

కార్బైడ్ డైలు తీసుకోమన్న అన్నకి థ్యాంక్స్, కేసులు డైలో ఇరుక్కోకుండా లూబ్ (జారుడు నూనె) పూసే గోల తప్పింది. పౌడర్ తూచే త్రాసు దగ్గర మాత్రం పొదుపు చూడకండి.

పౌడర్ కొలత రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠంతోనే మొదలుపెట్టాను. మ్యాచ్‌కి ముందు బుల్లెట్ వేగం కొలవాలి. డాలస్ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఆ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే చెప్పండి.